పొయ్యిలో పెట్టకూడని చెక్కలు

మేకు సగం దాకా వచ్చి మొరాయించింది. మద్దిలేటి ఎడమకాలితో పలకను తొక్కిపట్టి, సుత్తి వెనక చీలికలో మేకు తలను ఇరికించి, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగాడు. కిర్రుమంటూ ఊడివచ్చింది. తుప్పు పట్టిన ఆ మేకును బండమీద పెట్టి, వంకర తీరేదాకా కొట్టి, డబ్బాలో పడేశాడు. ఆ చప్పుడు చెవికి చేరేలోపే చెయ్యి ఇంకో మేకు మీదికి పోయింది. ఊరికే ఉండడం ఆ చేతులకు చేతకాదు. కుడిచెయ్యి అన్నం కలుపుతుంటే ఎడమచెయ్యి కూర్చున్న పీట అంచున లేచిన పేడును గిల్లుతూ ఉంటుంది. నిద్రలో కూడా దుప్పటి పోగులు లాగుతాయని పెళ్లాం సుంకులమ్మ చెబుతుంది. ఆమె మాట అబద్ధం కాదనడానికి దుప్పటే సాక్షి.

ఎండలకు కృష్ణ నీళ్లు వెనక్కి జరిగాయి. ఒడ్డున పగిలిన ఒండ్రు మీద పాత చెక్క పడవ బోర్లించి ఉంది. భూపేష్ అనే కుర్రవాడు దాన్ని కొని, బాగు చేయించి, వానాకాలం నుంచి యాత్రికులను తిప్పాలనుకుంటున్నాడు. ఓబులేష్ మేస్త్రి కొత్త పలకలు వేస్తాడు. పాత పలకలు ఊడదీసి మేకులు పీకడం మద్దిలేటి పని. అతను వడ్రంగి కాడు, పడవ నడిపేవాడూ కాడు. ఒడ్డున ఏ పడవ బాగుచేస్తున్నా పిలవకుండానే వచ్చి నిలబడే మనిషి. వచ్చాక పొమ్మనలేరు, అంతే.

పడవ చెక్కను పొయ్యిలో పెట్టకూడదు. నీళ్లమీద మనుషుల్ని మోసినదాన్ని నిప్పుకు ఇవ్వకూడదని ఆ ఒడ్డున అందరికీ తెలుసు. చెత్తలో పారేయకూడదనీ తెలుసు. అయితే మరి ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియని పనిని మద్దిలేటికి అప్పజెప్పడం ఆ ఊరి అలవాటు.

అందుకే అతని ఇంట్లో మంచం పడవది. మంచం కింద పీటలు పడవవి. ఇంకా ఏమీ కాని పలకలు మంచంమీద పడుకుంటాయి. వంపు తిరిగిన పడవ పక్కటెముకలు గోడకెక్కి చీరలు మోస్తాయి. మేకు రంధ్రాలున్న పలక దేవుడి పటం ముందు ఉంది; ఎన్ని ఊదుకడ్డీలు గుచ్చినా ఇంకా రంధ్రాలు మిగులుతాయి. చుక్కాని మీద టీవీ కూర్చుంది, ఇప్పుడు ఇంటిని ఏ దిక్కుకు తిప్పాలో అదే చూసుకుంటోంది. ఇవి కాక బియ్యం డబ్బాకు పీట, నీళ్ల బిందెకు పీట, ఆ పీటలెక్కి అటకమీద పీటలు దించుకోవడానికి ఒక పీట. "వాన గట్టిగా పడితే మీ ఇల్లు శ్రీశైలం దాకా తేలిపోతాది మామా, టికెట్ పెట్టు" అని పక్కింటి శివజ్యోతి నవ్వుతుంది.

ఆ ఇంట్లో సుంకులమ్మ నడవదు, ఒదిగి జారుతుంది. ఆమె మోకాళ్ల కింద ఎప్పుడూ ఏదో ఒక కమిలిన మచ్చ ఉంటుంది. బియ్యం డబ్బాకూ మంచానికీ నడుమ ఒకే పక్కకు తిరిగి పడుకుంటుంది. రెండో పక్కకు తిరగాలంటే లేచి, తల పెట్టిన చోట కాళ్లు పెట్టి మళ్లీ పడుకోవాలి.

ఈ పొద్దున మద్దిలేటి సుత్తి వెతుక్కుంటుంటే ఆమె గడపలో కూర్చుని కాళ్లు బయటికి చాపుకుని ఉంది. చాపడానికి ఆ ఇంట్లో అదొక్కటే చోటు.

"ఈ పొద్దుతో పడవ పని అయిపోతాదంట గదా?"

"ఆఁ."

"ఇంగొక్క చెక్క ఈ గడప దాటి లోపలికొచ్చిందా, నేను మైదుకూరికి పోతా. తనూజా వాళ్లు బేతంచెర్ల బండలు పరిపించినారు. నడింట్లో పండుకోని ఈ పక్కకు ఆ పక్కకు పొర్లినా దేనికీ తగలం."

"పొర్లేదానికి కూతురింటికి పోవల్నా? అంత దూరం?"

"ఏదీ, ఈడ పొర్లు సూద్దాం."

మద్దిలేటి ఇంట్లోకి తొంగిచూశాడు. మనిషి పొర్లే చోటు కనబడలేదు. సుత్తి కనబడింది. తీసుకుని బయటపడ్డాడు.

సుంకులమ్మ ఉత్తమాట అనే మనిషి కాదు. ధర దిగేదాకా టమేటా తేనని ఒకసారి అనింది. ఆ ఏడాదంతా చింతపండే.

పొద్దెక్కాక భూపేష్ బండి దిగి, పడవ చుట్టూ తిరిగి, ఫొటోలు తీసుకున్నాడు.

"ఏం పెద్దాయనా, రేపు నీళ్లలోకి దింపుతాండాము. పొట్టేలు కోస్తాం. ఆ పాత చెక్కలన్నీ పొయ్యి కాడికి చేర్చు."

మద్దిలేటి చేతులు ఆగాయి. "పడవ చెక్కను పొయ్యిలో పెట్టకూడదప్పా."

"యాడ రాసుండాది?"

"రాసుంటే మర్చిపోయేటోళ్లు. రాయలేదు గాబట్టే అందరికీ తెలుసు."

భూపేష్ ఓబులేష్ మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి ఉలిని పైకెత్తి, దాని అంచులో తన ముఖం వెతుక్కున్నాడు.

"నన్నడగద్దండప్పా. నేను రేపు ముందు తింటా. తిన్యాక ఆ పొయ్యి దిక్కు సూస్తా."

"సరే, అయితే నీ ఇంటికే తోలుకపో" అన్నాడు భూపేష్. "పొద్దు గుంకేలోపల తీసేయల్ల. మిగిలింది మిగిలినట్ల పొయ్యిలోకే."

ఇంటికి తెస్తే పెళ్లాం పోతుంది. వదిలేస్తే పడవ మండుతుంది. మద్దిలేటి కాసేపు చెక్కల కుప్ప చుట్టూ తిరిగాడు. ఒకదాన్ని ఎత్తి దించాడు, ఇంకోదాన్ని దించి ఎత్తాడు. ఒక పలక మీద ఆకుపచ్చ రంగు పొర ఇంకా మిగిలి ఉంది, దాని అంచున తలుపు గొళ్లెం బిగించిన గుంట ఉంది. ఈ పడవ పుట్టిందే తలుపులతో. శ్రీశైలం డ్యాం నీళ్లు ఎక్కి వస్తుంటే ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు తలుపులూ దూలాలూ ఊడబెరుక్కుని ఒడ్డెక్కారు. కొత్త కాలనీలో తలుపు పెట్టడానికి ముందు గోడలుండాలి కదా, అవి లేవు. ఆ తలుపులే పడవలయ్యాయి. మద్దిలేటి తండ్రి కూడా అట్లా తలుపును వీపునేసుకుని వచ్చినవాడే. ఇల్లూ పొలమూ నీళ్లకు వదిలి వచ్చిన మనిషికి, ఆ తర్వాత ఒక చెక్కముక్కను వదలమన్నా చెయ్యి రాలేదు. ఆ చెయ్యే కొడుక్కు వచ్చింది.

పంచిపెట్టాలి, అనుకున్నాడు. ఇంతకాలం ఎందుకు తోచలేదో అతనికే అర్థం కాలేదు.

మోపెడ్ వెనక పలకలు అడ్డంగా కట్టి బయలుదేరాడు. టీ అంగడిలో గ్లాసులు పెట్టే అర లేదని కనిపెట్టి, వద్దంటున్నా ఒక పలక గోడకు బిగించాడు. క్షౌరం అంగడిలో కుర్చీకి కాళ్లపీట విరిగిపోయి ఉంది. సబ్బు నురగ ముఖంతో కూర్చున్న మనిషి కాళ్లు ఎత్తి పట్టుకోమని, కింద కొత్త పీట పెట్టాడు. రెండు వంపు పలకలు ఎదురెదురుగా చేర్చి, గొర్రెలాయనకు తొట్టి చేశాడు. ఆటో వెనక డొక్కుసీటు కింద ఒకటి దూర్చాడు.

"ఏమప్పా మద్దిలేటీ, అక్క ఇంట్లోంచి తరిమినాదా?" అన్నాడు ఆటో ఆయన.

"ఇంగా లేదు."

"మరి ఈ పరుగేంది?"

జవాబు చెప్పడానికి ఆగలేదు. బస్సు ఆగే చోట రెండు బండలు దొరికాయి, వాటిమీద ఒక పలక వేస్తే బెంచీ అయింది. చేత్తో తుడిచాడు. కూర్చుని చూశాడు. ఇక్కడ కూర్చుని బస్సెక్కే వాళ్లలో సుంకులమ్మ కూడా ఉండొచ్చు కదా అని తోచగానే లేచి నిలబడ్డాడు. పలక తీసేద్దామనుకున్నాడు. ఈలోపే సంచులతో ఒక ముసలాయన వచ్చి దానిమీద కూర్చుని, హాయిగా మూలిగాడు.

తినడానికి ఇంటికి పోలేదు. పోతే ఆమె ముఖం చూడాలి. చూస్తే ఏదో ఒకటి అడుగుతుంది. అంగడిలో బొరుగులు తిని, నీళ్లు తాగి, మళ్లీ ఒడ్డుకు పోయాడు. ఎండ దిగేసరికి కుప్ప కరిగిపోయింది.

ఒక్కటి మిగిలింది. పడవ నడుమ జనం కూర్చునే పలక. ఎందరెందరు కూర్చున్నారో, అద్దంలా నున్నగా అరిగి ఉంది. ఏ అంగడికీ పట్టనంత పొడుగు. కోస్తే పడుతుంది, కానీ దాన్ని కోయడానికి చెయ్యి రాలేదు. అప్పుడు మద్దిలేటికి సుంకులమ్మ మాట ఇంకోసారి వినబడింది. గడప దాటి లోపలికొస్తే కదా అనింది? బయట గోడవారగా వేస్తే గడప దాటినట్టు కాదు. పైగా సాయంత్రం దానిమీద కూర్చుని రెండు కాళ్లూ చాపుకోవచ్చు. ఆమె కోసమే అని చెప్పొచ్చు. దారంతా ఈ వాదన పెదాలతో వల్లెవేసుకుంటూ, పలకను భుజంమీద మోస్తూ, ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ ఇల్లు చేరాడు.

వాకిలి చూసి నిలబడిపోయాడు.

ఇల్లంతా వాకిట్లో ఉంది. మంచం, పీటలు, బెంచీలు, నిచ్చెన, చీరల కొయ్యలు, వైరు చుట్టిన టీవీ, దాని కింద చుక్కాని. ముంపుకు ముందు ఊరు ఖాళీ చేసినట్టుగా ఉంది. మంచంమీద కోళ్లు ఎక్కి, ఎవరైనా దిగమంటారేమోనని చూస్తున్నాయి.

"అత్తనే మామా!" అంది శివజ్యోతి, గోడ అవతల గిన్నెలు తోముతూ. "పొద్దున్నుంచి ఒక్కతే మోస్తాండాది. నేనొక చెయ్యి పడతా అంటే, నా ఇంటి పని నాకు తెలుసు పో అనింది. చెమట్లు కారిపోతాంటే కూర్చోమంటి. ఎండకులే అనింది. బస్సు టయానికి లేపమని చెప్పి పండుకున్యాది."

"ఏ బస్సు?"

"మైదుకూరికి పోవల్లంటే ముందు నందికొట్కూరు బస్సే గదా."

మద్దిలేటి పలకను చప్పుడు కాకుండా గోడకు ఆనించాడు. చెప్పులు విడిచి గడపలోకి వచ్చాడు.

ఆ ఇంటికి నేల ఉందన్న సంగతి అప్పుడు తెలిసింది. కడిగి ఉంది. పీటల కాళ్లు ఉన్నచోట్ల తెల్లటి గుర్తులు తప్ప ఇంకేమీ లేదు. నడిమధ్యన సుంకులమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. తల కింద ఊరికి సర్దుకున్న గుడ్డసంచి. కాళ్లు బారుగా చాపుకుంది. ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు, ఎంత దూరం పోగలవో అంత దూరం పోయి ఉన్నాయి. దేనికీ తగలలేదు.

మద్దిలేటి గడపమీద కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. గిల్లడానికి అందేంత దూరంలో ఏమీ లేకపోవడం వల్లనో ఏమో, అవి అక్కడే ఉన్నాయి. లేచాక చెప్పాల్సినవి లోలోపల వరుసగా పెట్టుకున్నాడు. ఒక్కటి కూడా లోపలికి తేలేదు, అన్నీ ఊళ్లో పంచినా, ఇంక ఇవన్నీ కూడా పంచేస్తా. నువ్వు పొర్లు.

బస్సు హారన్ వినబడింది. శివజ్యోతి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మామా, బస్సొచ్చినాది. అత్తను లేపు."

"ష్! లేపొద్దు. పోనీ బస్సు." అతని గొంతులో గెలిచినవాడి నవ్వు ఉంది. "ఇంత బాగా యెప్పుడు నిద్రపోయినాది?"

బస్సు ఇంకోసారి హారన్ కొట్టి, ఆగి, దుమ్ము లేపుకుంటూ పోయింది.

"లేపుతానని మాటిచ్చినా మామా, నన్ను తిడతాది" అంటూ శివజ్యోతి లోపలికి పోయి, వంగి, భుజంమీద చెయ్యి వేసింది. తర్వాత చెంపమీద వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి మద్దిలేటి వైపు తిరిగింది.

దీపాలు పెట్టే వేళకు కాలనీ అంతా వచ్చింది. సుంకులమ్మను బయటికి తెచ్చి వేపచెట్టు కింద చాపమీద పడుకోబెట్టారు. మైదుకూరులో తనూజ బయలుదేరిందన్నారు. షామియానా అంగడి నుంచి కుర్చీలు తెప్పించాలని ఎవరో అంటే, ఎందుకని ఇంకెవరో అన్నారు. వచ్చినవాళ్లు పీటలమీద, బెంచీలమీద, మంచం అంచున కూర్చున్నారు. మద్దిలేటి ఎక్కడా కూర్చోలేక వాళ్ల నడుమ తిరుగుతుంటే, ఒక్కొక్కరే లేచి అతని పీట అతనికే చూపించి కూర్చోమన్నారు.

లోపల, కడిగిన నేల మధ్యలో, జిప్పు సగం వేసిన గుడ్డసంచి ఒక్కటే ఉంది. తల ఆనిన చోట పడిన నొక్కు ఇంకా పైకి లేవలేదు.