పిండొద్దన్న బొట్టు

రుయ్‌ఫెన్ లోదుస్తుల మీద మినపగింజంత రక్తపు మరక కనబడి మూడు వారాలైంది. కుడి చనుమొన నుంచి వస్తోంది. క్యాన్సరేమోనన్న మాట ఛాంగ్‌షా నగరంలోని ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అక్కడ ఏ జబ్బుకైనా మొదటి మందు వేడినీళ్లే కాబట్టి, అందరూ తలో గ్లాసు మాత్రం తెచ్చిచ్చారు. తెలిసినవాళ్లు లేకుండా ఆసుపత్రికి వెళ్లడం పరువుతక్కువని భర్త తాంగ్ వారంపాటు ఫోన్లు చేసి, చివరికి ఒకాయన్ని పట్టాడు. ఆయన పళ్ల డాక్టరు.

పాలనాళంలోకి సన్నటి తీగలాంటి కెమెరా పంపి చూస్తారని తెలిశాక రుయ్‌ఫెన్‌కి భయం కన్నా కుతూహలం ఎక్కువైంది. ఆమె భూగోళం టీచరు. ఊళ్లో ఏ సొరంగం తవ్వినా వెళ్లి చూసొస్తుంది. సొంత సొరంగాలు మాత్రం నలభై ఆరేళ్లుగా చూడలేదు.

అత్తగారి బెంగ వేరు. చుట్టాలొస్తున్నారంటే పక్కవాళ్ల మెట్లు కూడా కడిగించే మనిషి.

"పెద్ద డాక్టరు దగ్గరికి ఇలా కార్చుకుంటూ వెళ్తావా? శుభ్రంగా పిండేసుకుని వెళ్లు."

రుయ్‌ఫెన్ పొద్దున్నే వేడిగుడ్డతో చుక్క మిగలకుండా పిండేసింది.

ఆసుపత్రిలో డాక్టర్ ఫు ఎంత నొక్కినా ఏమీ రాలేదు. మొన మీద పదిహేను దాకా రంధ్రాలుంటాయి. బొట్టు ఎందులోంచి వస్తే కెమెరా అందులోకే వెళ్లాలి.

"పిండొద్దని ముందే ఇచ్చిన చీటీలో రాశాం కదమ్మా?"

"మామూలువాళ్లకి రాశారేమో అనుకున్నానండీ. మాకిక్కడ తెలిసినాయన ఉన్నారు."

బయట కూర్చోమన్నారు. తాంగ్ ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసిచ్చి, పళ్ల డాక్టరుకి ఫోన్ చేశాడు. మీ ఆవిడ పళ్లెలా ఉన్నాయని ఆయన అభిమానంగా అడిగాడు.

రెండు గంటలయ్యాక మళ్లీ పిలిచి, డాక్టరు మొన చుట్టూ ఓపిగ్గా నొక్కుకుంటూ వచ్చింది. ఒక రంధ్రంలోంచి ఎర్రటి బొట్టు తొంగిచూసింది. ఆ చోటుకి మాత్రం మత్తుమందు వేసి కెమెరా లోపలికి పంపారు. తెర మీద గులాబీరంగు సొరంగం తడిగా మెరుస్తూ రెండుగా చీలింది. రుయ్‌ఫెన్ తలెత్తింది.

"ఎడమవైపు పోనివ్వండి."

డాక్టరు కుడివైపు పోనిచ్చింది. అక్కడ గోడకి చిన్న మల్బరీ పండులాంటిది వేలాడుతోంది.

"ఇదేనా?"

"ఇదే. చూడ్డానికి సాధువుగానే ఉంది. కోసి తీసి, ముక్క పరీక్ష చేశాకే ఖాయంగా చెప్తాను."

ఆపరేషనైన పదో రోజున రిపోర్టొచ్చింది. క్యాన్సర్ కాదు. తాంగ్ ఆ సంబరంలో కెమెరా తీసిన ఫొటోని చుట్టాల గ్రూపులో పెట్టేశాడు. అత్తగారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"పండు సంగతి అలా ఉంచు," అంది. "మిగతా గోడలు ఎంత శుభ్రంగా ఉన్నాయో చూశావా? నేను చెప్పబట్టే."