మూడు బోర్డుల బస్సు

ఊరికి ఆరు మైళ్ల దూరంలో అణువిద్యుత్ కేంద్రం పెడతారని తెలిసినా బస్సు డ్రైవరు అణువంతైనా కంగారు పడలేదు. ఇంట్లో కంగారుశాఖ భార్యది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ శాఖ కూడా సెలవు పుచ్చుకుంది, ఎందుకంటే ఇంటింటికీ ఓ కరపత్రం వచ్చింది. ప్రమాదం జరిగితే జనాన్ని ఎలా తరలిస్తారో అందులో ఉంది. అభ్యంతరాలుంటే రేపు సాయంత్రం సభలో చెప్పుకోవచ్చట.

"విన్నారా? పాప బడికో బస్సు, మా చొక్కాల ఫ్యాక్టరీకో బస్సు, అమ్మ ఉండే వృద్ధాశ్రమానికో బస్సు. నలభై నిమిషాల్లో అందరం వంతెన అవతల ఉంటామట!" అంది భార్య.

డ్రైవరు చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"ఏ బస్సులే అవి? ఊళ్లో ఉన్నదే ఒకటి. అది నేను తోలేది! పొద్దున బడి బోర్డు, ఆనక ఫ్యాక్టరీ బోర్డు, మధ్యాహ్నం ఆశ్రమం బోర్డు తగిలిస్తా. మూడు పేర్లున్నా టైర్లు ఆరే!"

కరపత్రం వేసిన అధికారులు బస్సుందా అని మూడుచోట్లా ఉత్తరం రాసి అడిగారు. మూడుచోట్లా ఉందన్నారు. ఒక్కరూ అబద్ధమాడలేదు. మూడు నిజాలు కూడి ఒక నికార్సైన అబద్ధాన్ని కన్నాయి.

"మరి ముందు ఎవరి దగ్గరికొస్తారు?" అంది భార్య.

"నా దగ్గరికే! కదా నాన్నా?" అంది కూతురు.

"అంటే మా అమ్మ ఆఖరా?"

"నేనన్నానా?"

"అనలేదు. అనుకున్నారు."

అణుకేంద్రానికి పునాది పడకముందే ఇంట్లో పేలుడు జరిగిపోయింది. డ్రైవరుకు మాత్రం నవ్వు రాలేదు. మనసులో ఏ దారిన తోలినా, ముగ్గురిలో ఒకరు గేటు దగ్గర ఎదురుచూస్తూ మిగిలిపోతున్నారు.

మర్నాడు సభకు మూడు బోర్డులూ చంకన పెట్టుకుని వెళ్లాడు. ముందు వరుసలో అత్తగారు చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. ముప్పయ్యేళ్లు లెక్కల టీచరుగా పిల్లల్ని వణికించిన మనిషి. డ్రైవరు వేదికెక్కి, సభ నడుపుతున్న ఆఫీసరు మైకు స్టాండుకే బోర్డులు ఒకదానిమీద ఒకటి తగిలించాడు.

"సార్, మీ మూడు బస్సులూ ఇవే. డ్రైవర్లు ముగ్గురూ నేనే."

"మూడని రాతపూర్వకంగా ఉందండీ," అన్నాడు ఆఫీసరు.

"మీ రాతలో మూడున్నా మా తలరాతలో ఒకటే సార్!"

హాలంతా గొల్లుమంది. అత్తగారు చెయ్యెత్తింది. "నాయనా, కాగితం బస్సెక్కి వంతెన దాటడం కంటే కాగితం పడవెక్కి ఏరు దాటడం నయం. ఓసారి తోలి చూడరాదూ?"

ఆఫీసరు మంచివాడు. చెవులు ఎర్రబడ్డా సరేనన్నాడు. తర్వాతి సోమవారం చేతిగడియారం చూసుకుంటూ డ్రైవరు పక్కనే కూర్చున్నాడు. బడి పిల్లల్ని వంతెన దాటించి వెనక్కొచ్చి, ఫ్యాక్టరీ వాళ్లను దాటించి మళ్లీ వెనక్కొచ్చి ఆశ్రమం చేరేసరికి గంటా ముప్పావు. చక్రాల కుర్చీలు ఎక్కించడానికి మరో ఇరవై అయిదు నిమిషాలు. ఒక కుర్చీని ఆఫీసరే మోశాడు.

"ఎక్కినవాళ్లకి దిగడం, ఎక్కనివాళ్లకి దిగులు. అంతే సార్ మీ ప్లాను," అన్నాడు డ్రైవరు.

"నలభై నిమిషాలన్నారని సంచి సర్దుకుని కూర్చున్నా. ఈలోగా నాలుగాటలు పేకాడి మూడు గెలిచా," అంది అత్తగారు.

ఆఫీసరు అక్కడే బస్సు మెట్టుమీద కూర్చుని నివేదిక రాశాడు. మూడు బస్సులు, ముగ్గురు డ్రైవర్లు, కుర్చీలెక్కే వాలుబల్లా కళ్లెదుట నిలబడేదాకా కేంద్రానికి ఒక్క ఇటుక కూడా పడకూడదు. అత్తగారు దాన్ని రెండుసార్లు పైకి చదివించుకుని, టిక్కు పెట్టినట్టు తలూపింది.

ఆ ఆదివారం అత్తగారు కూతురింటికి భోజనానికొచ్చింది. డ్రైవరు చాలా రోజుల తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. అప్పుడు భార్య మెల్లగా అడిగింది:

"ఏవండీ, మూడు బస్సులొస్తే మీరు ఏది తోలుతారు?"

ముద్ద మళ్లీ గాల్లో ఆగింది. అత్తగారే ఆదుకుంది.

"నాదే తోలు అల్లుడూ. నా పిల్లకీ, మనవరాలికీ మంచి డ్రైవర్లని పెట్టమందాం."