ఎర్ర దారం కట్టిన కాయ

"ఈ ముక్కిపోయిన పీచుతో గిన్నెలు తోమనంటే తోమను," అంది మెరీటా, నానిన బీరపీచును కుళాయి పక్కన విసిరికొట్టి. "ముప్ఫై పెసోలు పారేస్తే నిగనిగలాడే ప్లాస్టిక్‌ది వస్తుంది. ఏమయ్యా, అంత పీనాసితనం ఎందుకు నీకు?"

"మీ అమ్మ ఇలాంటి పీచుతోనేగా నీ వీపు తోమింది," అన్నాడు ఎలీసియో టోపీ దులుపుకుంటూ.

"తోమిన ఆవిడా లేదు, ఆ ఊరూ లేదు. పో, నీ పనికి పో."

ఊరు లేదన్నది నిజం. సమర్ దీవి తీరాన ఆ పల్లెను పెద్ద తుఫానునాడు సముద్రం ఊడ్చుకుపోయింది. పెళ్ళయిన కొత్తలో అత్తగారి దడి మీద కోసి ఎలీసియో తెచ్చిన నేతిబీర గింజలు మాత్రం, అతను పనిచేసే విత్తన కేంద్రంలో, చల్లగదిలో, రేకు పొట్లంలో మిగిలాయి.

ఎంత చల్లగా దాచినా గింజలు ముసలివవుతాయి. మధ్యమధ్య నాటి, కొత్త గింజ తీయాలి. ఈసారి పొట్లంలోవన్నీ నాటితే మొలిచింది ఒక్కటే. దానికోసమే అతను పదవీ విరమణ వాయిదా వేసుకున్నాడు. పురుగు దూరని వలగూడులో పెంచాడు. వేరే పుప్పొడి తగలకుండా సాయంత్రం ఆడమొగ్గకు కాగితం సంచి తొడిగి, తెల్లవారాక మగపువ్వు తెంపి పుప్పొడి అద్దాడు. విడవని ముసురుకు పువ్వులన్నీ కుళ్ళి రాలగా ఒక్క కాయ నిలిచింది. కూరకు కాదు, విత్తనానికి అని దానికి ఎర్ర దారం కట్టాడు. కాయ పూర్తిగా ముదిరేలోపే తీగ చచ్చింది.

ఆ రోజు, ఎండిన ఆ కాయ మూతి విరిచాడు. పెళుసు తొక్క ఊడింది. పళ్ళెంలోకి దులిపితే గింజలు జలజల రాలాయి. చప్పుడు మరీ తేలిక. ఒకటి నొక్కాడు. తాలు. ఇంకొకటి. అదీ తాలే. గోరు అరిగిపోయిన బొటనవేలితో చివరి గింజ దాకా నొక్కి చూశాడు.

"ఇంకెక్కడైనా దొరక్కపోదులే, అన్నా," అంది పక్క బల్ల దగ్గర పనిచేసే నెనీత.

"ఎక్కడ, సముద్రంలోనా?"

ఖాళీ పీచును సంచిలో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం చేపల పులుసు. అన్నం కలుపుతూ, "వచ్చే నెల నుంచి నేను పనికి పోను," అన్నాడు. "ఇంకో ఏడాది ఉండమన్నారు. ఉండనని చెప్పొచ్చాను."

మెరీటా చెయ్యి కంచంలో ఆగింది. "మరి అమ్మ బీర?"

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ లేచింది. పొద్దున అతను వెళ్ళాక కొన్న ప్లాస్టిక్ పీచు కవరు విప్పలేదు. గిన్నెలన్నీ వట్టి చేత్తోనే తోమింది. కుళాయి పైన మేకుకు, అతను సంచిలో తెచ్చిన, ఎర్ర దారం ఇంకా విప్పని కొత్త బీరపీచు, తడి తగలకుండా వేలాడుతోంది.