మన ఇంటికి మా తాళం

నిదియా కర్రపెండలం తొక్క తీస్తుండగా ఫోను మోగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. ఆదివారం. మరుదులిద్దరూ పెళ్ళాం పిల్లలతో భోజనానికి వస్తున్నారు. పెరట్లో భర్త ఓస్మార్ మాంసం కాల్చడానికి బొగ్గులు రాజేస్తున్నాడు. ఆ ఒక్క పనికే "ఆదివారం వంట నాది" అని ఊరంతా చెప్పుకుంటాడు. చిపా రొట్టెలు, సలాడ్, కర్రపెండలం, ఆ తర్వాత అంట్లు, ఇవేవీ వంట కిందికి రావు.

ఫోనులో అందరిదీ ఒకటే మాట, 'మన ఇల్లు' తెరుచుకోవడం లేదని. అది ఏడేళ్ళ కిందట నిదియా మొదలుపెట్టిన వెబ్‌సైటు. స్పెయిన్‌లో ముసలివాళ్ళకు సేవ చేసి బతికే పరాగ్వే ఆడవాళ్ళూ, ఇక్కడ వాళ్ళ పిల్లల్ని సాకుతున్న అక్కచెల్లెళ్ళూ మంచీచెడ్డా రాసుకునే చోటు. బాగోగులన్నీ నిదియావే, జీతం మాత్రం లేదు. "నీ బొమ్మరిల్లు" అంటాడు ఓస్మార్, ముద్దుగానే. ఆ ముద్దుకే ఆమెకు ఒళ్ళు మండేది.

తడి చేతులు తుడుచుకుని కంప్యూటర్ తెరిచింది. ఎవరో నిమిషానికి లక్షల దొంగ సందర్శనలు పంపిస్తున్నారు, అసలు మనుషులు లోపలికి రాకుండా. అన్ని దేశాల నుంచీ వస్తున్నాయవి. దొంగవేవో నిజమైనవేవో ఏరాలంటే మూడు గంటలు. పరాగ్వే బయటినుంచి వచ్చే వాళ్ళందరికీ తలుపు మూసేస్తే రెండు నిమిషాలు. కర్రపెండలం ఉడికిందా అని పెరట్లోంచి రెండోసారి కేక వచ్చింది. సభ్యుల్లో సగం మంది బయటే ఉన్నారని ఆమెకు తెలుసు. ఒక్క పూటేగా, భోజనాలయ్యాక తెరుస్తానులే అనుకుని మూసేసింది. దాడి మీది కోపంలో తలుపు మీద తమ సొంత భాష గ్వారానీలో రాసింది: "ఇది మా ఇల్లు. మేము తలుపు వేసుకున్నాం. బయటివాళ్ళు వెళ్ళిపోవచ్చు."

స్పానిష్‌లో రాసినా కొంత నయంగా ఉండేది, అందులో 'మన'కీ 'మా'కీ ఒకటే మాట. గ్వారానీలో మన తెలుగులో ఉన్నట్టే 'మన' వేరు, 'మా' వేరు. ఆమె తిట్టింది దాడి చేసేవాళ్ళని. కానీ వాళ్ళకి గ్వారానీ ఎక్కడొచ్చు? బయట నిలబడి ఆ భాష చదవగలిగింది 'మన ఇల్లు' ఆడవాళ్ళే. ఈ సంగతి నిదియాకి అప్పుడు తట్టలేదు.

భోజనాలు, అంట్లు, "కోడలికి ఈమధ్య పరధ్యానం ఎక్కువైంది" అన్న అత్తగారి మాట, అన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. నిదియా అప్పుడు కూర్చుని దొంగవాటిని ఏరి తలుపు తీసింది. మొదట వచ్చింది స్పెయిన్‌లోని సరగోసా నుంచి దెల్మీరా అక్క ఉత్తరం. అక్కడ ఒక ముసలావిడకి తొమ్మిదేళ్ళు చాకిరీ చేసిందామె. ఆవిడ శుక్రవారం పోయింది.

"చెల్లీ, ఆవిడ పిల్లలు మధ్యాహ్నం కాగితం పెట్టారు, నా ఇష్టంతోనే పని మానేస్తున్నానని. గంటలో సంతకం పెట్టమన్నారు. మిమ్మల్ని అడుగుదామని వచ్చాను. తలుపు మీద రాసింది చదివాను. మీకేదో కష్టం వచ్చినట్టుంది, నేను బయటిదాన్నే కదా అనుకున్నా. సంతకం పెట్టేశాను. మీరంతా క్షేమమేనా?"

ఆ చివరి ప్రశ్నను నిదియా మళ్ళీ మళ్ళీ చదివింది. పెట్టొద్దక్కా, పెడితే నీకు రావలసిన డబ్బు పోతుంది అని చెప్పడానికి అర నిమిషం చాలు. తొమ్మిదేళ్ళ హక్కు ఆ అర నిమిషంలో నిలబడేది. దాడి చేసినవాళ్ళ మీదికి తప్పు నెట్టేద్దామని చూసింది గానీ మనసు ఒప్పుకోలేదు. తలుపు మూసింది వాళ్ళు కాదు. ఓస్మార్ కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. మొహం మాడ్చుకుంటాడు, అంతే. ఆ మాడిన మొహం చూడలేక ఆమె మూడు గంటల పనిని రెండు నిమిషాల్లో ముగించింది. ఏడేళ్ళుగా ఎందరికో ధైర్యం చెప్పిన మనిషి తన ఇంట్లో ఒక మొహానికి భయపడింది. సిగ్గుతో ఏడ్చింది.

దెల్మీరాకి జరిగింది జరిగినట్టు రాసింది, భోజనం సంగతితో సహా. మాడ్రిడ్‌లో ఒక లాయరమ్మను వెతికిపెట్టింది. పెట్టిన సంతకం వెనక్కి తీసుకోవడం కష్టమేనందామె. దెల్మీరా నుంచి మళ్ళీ జవాబు రాలేదు.

తర్వాతి ఆదివారం మళ్ళీ దాడి మొదలైంది. ఈసారి నిదియా ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది. ఓస్మార్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"తమ్ముళ్ళు బయల్దేరారు. మనం వంట మొదలుపెట్టాలి కదా, నిదియా."

ఆమె తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"మనం అనకు, ఓస్మార్. 'నువ్వు వండు' అను. అప్పుడు నేను వండనని చెప్పగలను."