దొరసాని కడిగిన కంచాలు

"మీకేటమ్మా, ఎంగిలి గిన్నె ముట్టుకోకుండా బతుకుతున్నారు. రాసిపెట్టి పుట్టేరు మీరు," అంది పక్క క్వార్టర్ వరహాలమ్మ, గోడ అవతలి నుంచి. ఆ మాట వినబడే వేళకి గోడకి ఇవతల గంగాభవాని కుళాయి దగ్గర పీట వేసుక్కూర్చుని, మాడిన పాలగిన్నె అడుగు గీకుతోంది. చప్పున గీకడం ఆపేసింది. గిన్నెని ఒళ్ళోకి తీసుకుని, "ఏదోనండి, మీ అందరి చలవ," అంది. అన్న మరుక్షణం తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. తన పెరట్లో, తన కుళాయి దగ్గర, తన గిన్నె తోముకుంటూ, కోడిని ఎత్తుకొచ్చిన దొంగలా నక్కి కూర్చోవడమేమిటి, సిగ్గు లేకపోతే సరి!

నక్కడానికి ఏర్పాట్లు కూడా ఉన్నాయి మరి. కుళాయి చుట్టూ నిలువెత్తు రేకులు పాతించాడు ఆమె మొగుడు చిన్నారావు. ఆడవాళ్ళు పని చేసుకునే చోట పరాయి మగాళ్ళ కళ్ళు పడకూడదని కాలనీలో చెప్పుకున్నాడు. ఎంత మర్యాదస్థుడో అని జనం మెచ్చుకున్నారు. ఆ రేకులు నిజంగా దేనికో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు.

చిన్నారావు రాయ్‌పూర్‌లో రైల్వే స్టోర్స్ హెడ్ క్లర్కు. తండ్రి కాలంలోనే విజయనగరం వైపు నుంచి రైలు ఉద్యోగానికి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన కుటుంబం. ఒకళ్ళకి పేకాట, ఒకళ్ళకి పావురాలు. ఇతనికి గిన్నెలు కడిగే మిషన్ల పిచ్చి. అందులోనూ పాతకాలపువి. ఊళ్ళో కొత్త మిషను కూడా ఎవరూ చూసి ఎరగని రోజుల్లో ఇతని ముందుగదిలో పాతవి మూడు కొలువుతీరి ఉండేవి. ఊరికి దగ్గర్లో తిల్దాలో ఉండే అమెరికన్ మిషనరీ ముసలావిడ స్వదేశం పోతూ వదిలేసిన తెల్లటి పెద్దది ఒకటి. చక్రాల మీద దొర్లుతుంది, పైన మూత ఎత్తాలి, లోపల పంకా లాంటిది తిరిగి నీళ్ళు చిమ్ముతుంది. దానికి దొరసాని అని పేరు పెట్టుకున్నాడు. మూతపడ్డ క్లబ్బు సామాను వేలంలో పాడుకొచ్చిన ఇంగ్లీషు మిషను రెండోది. ఆస్ట్రేలియా వెళ్ళిపోయిన ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఇంట్లోంచి తెచ్చిన, చేత్తో తిప్పే డ్రమ్ము మూడోది. ఆదివారం ఆదివారం వాటిని కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తాడు. దసరాకి బొట్లు పెడతాడు. దొరసాని పుట్టింది 1951లోనట, అడక్కపోయినా చెబుతాడు. భార్య ఏ ఏడు పుట్టిందో మాత్రం రేషన్ కార్డు చూసుకోవాలి.

మొదట్లో గంగాభవాని కూడా సంబరపడింది, అబద్ధమెందుకు. వారం తిరక్కుండానే సంగతి తెలిసిపోయింది. ఆ యంత్రం టీ కప్పులకీ, రొట్టెముక్క తిన్న పింగాణీ ప్లేట్లకీ పుట్టింది. మన ముద్దపప్పుకీ, ఎండిన మెతుక్కీ, మూకుడు అడుగున అంటుకున్న పోపుకీ దాని దగ్గర మందు లేదు. పైగా కాలనీ కుళాయి ధార దానికి ఆనదు. నాలుగు బకెట్ల నీళ్ళు స్టవ్ మీద కాచి, మోసుకొచ్చి పోయాలి. అప్పుడు చిన్నారావు ఒక ఉపాయం కనిపెట్టాడు. "ముందర కొంచెం నీళ్ళు తిప్పి పెట్టవే," అన్నాడు. నీళ్ళు తిప్పితే పప్పు పోతుందా, వీళ్ళమ్మ చెప్పిందా? పీచు తీసుకోవాలి, చాకలిసోడా వేయాలి, గోకాలి, రెండు నీళ్ళలో జాడించాలి. అంతా అయ్యాక మిలమిలలాడే గిన్నెల్ని దొరసాని కడుపులో పేర్చాలి. అది అరగంట గురగురమంటుంది. ఇతను మూత ఎత్తి, "చూసేవా, ఎలగ కడిగీసిందో!" అని మురిసిపోతాడు. చుట్టాలొస్తే ఈ తంతు వాళ్ళ ముందు. వాళ్ళు చేతులు కడుక్కుని కిళ్ళీలు నమిలే లోపల ఆమె రేకుల చాటున కంచాలు తోమేయాలి, మిషన్‌లో పెట్టేయాలి. మూత లేవగానే చప్పట్లు. ఆ చప్పట్లు వంటింట్లోకి వినబడుతుంటే ఆమె తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంటూ నిలబడేది. ఒకసారి ఉండబట్టలేక, "కడిగేది నేనే కదండీ," అంది. "నువ్వు కడగడమేటే? నువ్వు నీళ్ళు తిప్పుతావు. కడిగేది మిషను," అన్నాడు. ఎగతాళికి అనలేదు. నమ్మే అన్నాడు. ఆ నమ్మకం చూస్తేనే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కేది.

దొరసాని వచ్చిన నెలలోనే పనిమనిషి బుధియారిన్‌ని మాన్పించేశాడు. "కల్ సే మత్ ఆనా, మెషీన్ ఆ గయా," రేపట్నుంచి రావద్దు, మిషనొచ్చేసింది అన్నాడు గుమ్మంలో నిలబడి. "కా కరబో దీదీ," ఏం చేస్తాం అక్కా అని, చీపురు గోడకి చేరేసి వెళ్ళిపోయింది బుధియారిన్. ఆ రోజు నుంచి పదకొండేళ్ళు ఇంటెడు గిన్నెలూ గంగాభవాని మీదే పడ్డాయి, నాలుగు బకెట్ల వేణ్ణీళ్ళు అదనం.

పోయిన చలికాలం ఆమె వేళ్ళ సందులు పగిలి నెత్తురు కారడం మొదలైంది. కుచ్చిళ్ళు పోసుకుంటుంటే చీర దారాలు చేతికి అంటుకునేవి. పచ్చిమిరపకాయ తరిగితే ప్రాణం పోయి వచ్చేది. రైల్వే ఆసుపత్రి డాక్టరమ్మ రెండు చేతులూ తిప్పి చూసి, "మూడు నెలలు నీళ్ళు, సోడా, సబ్బు అన్నీ బంద్. వింటే సరే, వినకపోతే ఈ వేళ్ళు ఇంక ముడుచుకోవు," అంది హిందీలో. ఇంటికొచ్చి ఆ మాటే చెప్పి, బుధియారిన్‌ని మళ్ళీ పిలుద్దామంది. చిన్నారావు పేపరు దించలేదు. "మనింట్లో మూడు మిషన్లున్నాయని డాక్టరమ్మకి చెప్పలేదేటి?" అన్నాడు. పేజీ తిప్పుకుని, "మిషన్లు పెట్టుకుని పనిమనిషిని పిలిస్తే నలుగురూ ఏటనుకుంటారు? నవ్వరేటి?" అన్నాడు. అంటే ఈవిడ వేళ్ళు కొయ్యబారిపోయినా ఫర్వాలేదు, దొరసాని పరువు మాత్రం పోకూడదు! ఆ పూట ఆమె చేతులకి గుడ్డ చుట్టుకుని, ఆ గుడ్డతోనే తోమింది. సోడా లోపలికి దిగి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, రేకుల చాటున ఎవరు చూడొచ్చారు.

మార్చి నెలలో తెలుగు సంఘంవాళ్ళకి బుద్ధి పుట్టింది. అధ్యక్షుడు చెన్నకేశవులు, పండరీ బజార్లో పెద్ద బట్టల కొట్టు, దేవేంద్ర నగర్‌లో మేడ. ఉగాది నాడు చిన్నారావుకి శాలువా కప్పి సన్మానం చేద్దామన్నాడు. అచ్చయిన ఆహ్వానపత్రిక తెచ్చుకుని చిన్నారావు ముందుగది మధ్యలో నిలబడి పైకి చదివాడు. "అపురూప యంత్రముల సేకర్త, సతీమణి చేతికి ఎంగిలి పళ్ళెం సోకనివ్వని ఆదర్శ భర్త..." అక్కడికి వచ్చేసరికి అతని కళ్ళు చెమర్చాయి. ఆ సమయానికి సతీమణి గారు నేల మీద కూర్చుని వేళ్ళకి మందు రాసుకుంటున్నారు.

"ఆదివారం కమిటీవాళ్ళంతా భోజనానికొస్తారు. ఆడా మగా పన్నెండుమంది. దొరసానిని కళ్ళారా చూస్తారట. కొంచెం బేగి నీళ్ళు తిప్పాల మరి," అన్నాడు.

"అలాగేనండీ," అంది గంగాభవాని. ఆమె నోట అంత తియ్యటి మాట అతను విని చాలా ఏళ్ళయింది. అయినా అనుమానం రాలేదు, పాపం.

నాలుగు రోజులు కూర్చుని ఆమె వంటలు ఎంచింది. ఏది రుచిగా ఉంటుందన్న ఆలోచన రెండోది. ఏది కంచాన్ని పట్టుకుని వదలదన్నది మొదటిది. ముద్దపప్పు, అదీ గట్టిగా. దాని మీదికి ధారాళంగా నెయ్యి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర. చిక్కటి చింతపండు గుజ్జుతో గుమ్మడికాయ దప్పళం. పాకం తీగలు సాగే బెల్లం పరమాన్నం. చివర్లో మీగడ పెరుగు. ఇన్నెందుకే అని చిన్నారావు అడిగితే, "మీ సన్మానం కదండీ, తక్కువ చేస్తామా?" అంది. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత ఉత్సాహంగా వండలేదు ఆవిడ. దప్పళం గరిటె మీద నిలబడుతుంటే చూసి తనలో తాను నవ్వుకుంది.

ఆదివారం అందరూ వచ్చారు. చెన్నకేశవులు, అతని భార్య నాంచారమ్మ, సంఘం పెద్దలు, పిలవకపోతే బాగుండదని పక్కింటి వరహాలమ్మ. మారు అడిగి అడిగి వేయించుకుని, వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. కంచాలు పెరట్లోకి చేరాయి. లోపల చిన్నారావు వాళ్ళకి దొరసాని చరిత్ర చెప్పడం మొదలెట్టాడు.

గంగాభవాని చేతులకి గుడ్డలు చుట్టుకుని, కుళాయి పూర్తిగా తిప్పి వదిలింది, లోపలికి నీళ్ళ చప్పుడు వినబడాలి కదా. కంచాలన్నీ ఎండలో వరసగా పరిచింది. తాను నీడకి పీట లాక్కుని, కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. మార్చి ఎండ, రాయ్‌పూర్ ఎండ. చూస్తుండగానే పప్పు పెంకు కట్టింది, పరమాన్నం జిగురై కంచానికి కరుచుకుంది. లోపలి నుంచి మొగుడి గొంతు వినబడుతూనే ఉంది. "మా ఆవిడ చెయ్యి ఎప్పుడైనా చూడండి, పువ్వులాగ ఉంటాది." ఆమె లేవబోయిందల్లా మళ్ళీ కూర్చుంది. ఇంకో అయిదు నిమిషాలు ఎండనిద్దాం అనుకుంది.

తర్వాత కంచాలు తెచ్చి దొరసానిలో పేర్చింది, ఎవరి కంటా పడకుండా పైన తుండుగుడ్డ కప్పి మరీ. వేణ్ణీళ్ళు పోసింది. గుడ్డ లాగేసి మూత వేసింది. చిన్నారావు అందరినీ చుట్టూ నిలబెట్టి, స్విచ్చి నొక్కి, చేతులు కట్టుకున్నాడు. అరగంట గురగుర. మధ్యలో దప్పళం వాసన ఘుమ్మని లేచింది. "వేణ్ణీళ్ళకి అలగే వస్తాది," అని సర్ది చెప్పాడు. మిషను ఆగింది. అతను ఒకసారి అందరి మొహాలూ చూసి, మూత ఎత్తాడు.

పసుప్పచ్చటి నీళ్ళు. కంచాల నిండా పప్పు పూత, దాని మీద ఆవగింజలు. ఏ కంచంలో ఏది తిన్నారో పోల్చుకోలేనంతగా అన్నిట్లోనూ అన్నీ ఉన్నాయి. గుమ్మడి ముక్క ఒకటి పంకా రెక్కకి వేలాడుతోంది.

"అయ్యో రామ! ఇది కడిగిందా, కలిపిందా?" అంది నాంచారమ్మ.

చిన్నారావుకి ఒళ్ళు తెలియలేదు. ఇంటి నిండా జనం ఉన్నారన్న సంగతే మర్చిపోయాడు. "నీళ్ళు తిప్పలేదేటే?" అని పెళ్ళాం మీద అరిచాడు.

నాంచారమ్మ ఇటు తిరిగింది. "నీళ్ళు తిప్పడమంటే ఏంటమ్మా?"

"పీచూ సోడా పెట్టి తోమి, రెండు నీళ్ళల్లో కడగడమండీ," అంది గంగాభవాని. "మా ఇంట్లో దాన్ని అలగంటారు. పదకొండేళ్ళ నుంచీ ముందు నేను కడుగుతాను, తర్వాత ఇది కడుగుతాది. ఇన్నాళ్ళూ చుట్టాలు చప్పట్లు కొట్టింది నాకేనండి, వాళ్ళకి తెలీక ఆయన తీసుకున్నారు. ఇవాళ డాక్టరమ్మ మాట విని మానేసేను." అని చేతుల గుడ్డలు విప్పి చూపించింది.

"ఓలమ్మా!" అని వరహాలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "గోడ పక్కనే ఉన్నాను, నాతోనైనా అనలేదేటమ్మా?" మగవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నారావు మొహం కందగడ్డయింది. గంగాభవాని తల దించుకోలేదు. ఆ మొహాన్ని తనివితీరా చూసింది. ఏ విందుకీ నిండనంతగా కడుపు నిండింది ఆమెకి.

చెన్నకేశవులు గొంతు సవరించుకున్నాడు. "కార్డులు పంచేశాం కూడానూ... సన్మానం వాయిదా వేసుకుంటే..."

"వాయిదా ఎందుకు అన్నయ్యగారూ?" అంది గంగాభవాని. "అచ్చయిన మాట అబద్ధం కాకూడదు. ఉగాది ఇంకా పద్దెనిమిది రోజులుంది కదా, ఆ లోపల నిజం చేసేస్తాం. ఇవాళ్టి నుంచి నా చేతికి ఎంగిలి పళ్ళెం సోకనివ్వరు మీ బావగారు. అంతేనా అండీ?"

అందరూ చిన్నారావు వైపు చూశారు. అతను తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. కాదంటే శాలువా పోతుంది, ఊరంతా పంచిన కార్డు మొహాన కొడుతుంది.

"రోజూ సాయంత్రం నేనొచ్చి చూస్తాను. నిజమైతేనే శాలువా. మా కొట్లోంచి వెళ్ళాల్సిన శాలువానే కదా అది," అంది నాంచారమ్మ. చెన్నకేశవులు భార్య వైపు ఒకసారి చూసి, చెప్పులు వెతుక్కున్నాడు.

వాళ్ళటు వెళ్ళగానే చిన్నారావు విరుచుకుపడ్డాడు. "పరువు తీసీసేవు కదే! పదిమందిలో నన్ను కుక్కని చేసీసేవు!" గది ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగుసార్లు తిరిగి, ఆఖరికి దిగొచ్చాడు. "సరే, నీకేటి కావాల? పనిమనిషే కదా? ఆ బుధియారిన్‌నే పిలు. రేపట్నుంచే రమ్మను."

ఈ మాట కోసం ఎన్ని ఏళ్ళు ఎదురుచూసింది! నెల కిందట అని ఉంటే కాళ్ళ మీద పడేదేమో. ఇప్పుడు వినబడితే నోరు చేదుగా అయింది. ఇంత తేలిగ్గా అనగలిగిన మాట, పేపరు దించి ఆనాడే అనొచ్చుగా?

"వద్దండి," అంది. "బుధియారిన్‌వీ చేతులే. పైగా కార్డులో అచ్చయింది ఆవిడ పేరు కాదు."

పెరట్లో కంచాల గుట్ట ముందు చిన్నారావు పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చున్నాడు. "పీచెక్కడుంది?" అని అడిగాడు. కుళాయి పక్కన గూట్లో ఉంది, పదకొండేళ్ళుగా అక్కడే ఉంది. సోడా ఎంత వేయాలో తెలియక గుప్పెడు వేసుకున్నాడు, చెయ్యి చురుక్కుమని దులుపుకున్నాడు. పెంకు కట్టిన పప్పు గోటితో గీకాడు, పీచుతో రుద్దాడు, చెమటలు కక్కుకుంటూ రుద్దాడు. గంగాభవాని కుర్చీ తెచ్చి వేసుకుని, గుడ్డలు చుట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి మొదటి కంచం పూర్తయింది. కడిగి, విదిలించి, ఆమె చేతికిచ్చాడు.

ఆమె దాన్ని ఎండకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. శుభ్రంగానే ఉంది, మొహం కనబడేంత శుభ్రంగా ఉంది. దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ ఎంగిలి కంచాల మధ్య పడేసి, "ఇంకోసారి తోమండి," అంది.