విల్ఫ్ బల్ల ఖాళీ లేదు

హెల్మ్‌బరో సంత చౌకులో మా విహారయాత్ర బస్సు ఆగగానే అందరూ పాత చర్చి చూసి టీ తాగుదామని బయల్దేరారు. నేనూ పోవలసినదాన్నే. ఎడ్నా నా చెయ్యి పట్టుకుని సంతలోకి లాక్కుపోయింది. ఎన్నో ఏళ్ళుగా మా పక్కింటామె. దానితో వాదించి గెలిచినవాళ్ళను నేను చూడలేదు.

రాతి మండపం కింద, ఎడ్నా అన్న విల్ఫ్ చీజు అమ్మే బల్ల బోసిగా ఉంది. తుంటి విరిగి విల్ఫ్ ఆసుపత్రిలో ఉన్నాడు. వరసగా మూడు శనివారాలు ఖాళీగా ఉంటే బల్లను ఇంకొకరికి ఇచ్చేయడం ఆ సంత కట్టుబాటు. ఇది మూడో శనివారం. తాతల నాటి బల్ల పోయిందని తెలిస్తే విల్ఫ్ ఇక మంచం దిగడని ఎడ్నా భయం.

సంత అధికారి పిమ్ గొడుగు పట్టుకుని వచ్చాడు. వెనకే ఆ బల్ల కోసం కాచుకున్న కొవ్వొత్తుల వ్యాపారి.

"జరగండమ్మా. సరుకు లేకపోతే ఖాళీ బల్ల కిందే లెక్క," అన్నాడు పిమ్.

"సరుకేగా? ఉండు," అంది ఎడ్నా. నావైపు తిరిగి, "మేవిస్, లాటరీ బహుమతులు పట్రావే!"

తిరుగు ప్రయాణంలో బస్సులో తీసే లాటరీ అది. దాని పూచీ నాది.

"ఒసే, జనం నా తోలు వలుస్తారే!"

"వలవనీ. నీ తోలు మందమే."

తిట్టుకుంటూనే బస్సులోంచి తెచ్చాను. బిస్కెట్ల డబ్బా, స్నానపు సబ్బులు, టీ కెటిల్‌కి తొడిగే ఊలు టోపీ. సాయంత్రం దాకా బల్ల మీద ఏదో ఒకటి ఉంటే చాలు. కానీ ఎడ్నా సంతలో పుట్టి పెరిగిన మనిషి. మనుషులు కనబడగానే గొంతెత్తి అరవడం మొదలుపెట్టింది.

"మెల్లిగా అమ్మవే, అయిపోతాయి!"

"నోరు ఆగట్లేదే, ఏం చెయ్యను?"

వాన మొదలయ్యేసరికి అన్నీ అమ్ముడుపోయాయి. పిమ్ మళ్ళీ వచ్చి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

ఎడ్నా తన కోటు విప్పి బల్ల మీద పరిచింది.

"ఇదీ అమ్మకానికే."

"ఎంతేమిటి?" అన్నాడు పిమ్.

"ఈ సంత చౌకు మొత్తం రాసిస్తే ఇస్తా. బేరం లేదు."

నేనూ నా కోటు విప్పి పక్కన పడేశాను. అంతలో బస్సు డ్రైవరు వచ్చాడు.

"టైమైందమ్మా. నేను ఎవరికోసమూ ఆగను."

"ఆగమని ఎవరడిగారు నాయనా? పోయిరా," అన్నాను.

బస్సు మా కళ్ళ ముందే వెళ్ళిపోయింది. గాలికి వాన జల్లు మండపంలోకి కొట్టి తడిసిపోయాం. పళ్ళు టకటకలాడుతున్నా ఇద్దరం కదల్లేదు. సంత ముగిసే గంట మోగింది. పిమ్ బల్ల మీది కోట్లు చూసి, కొవ్వొత్తుల వ్యాపారితో, "ఈ బల్ల ఖాళీ లేదు. పదవయ్యా," అన్నాడు.

ఎడ్నా వణుకుతూనే ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"విల్ఫ్, నీ బల్ల నీదే. నన్ను మెచ్చుకోకు. తడిసి ముద్దయ్యాను, బస్సు పోయింది. ఇంకో వారం నిలబడటం నా వల్ల కాదు. లేచి రా!"