కూలి కింద అన్నం

వంటావార్పు రోజున కేసముద్రం రోడ్డు మీద ఎనిమిది పొయ్యిలు మండుతున్నాయి. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా రోడ్డు మీదే వండుకుని తినాలని పిలుపు. తినేది ఊరంతా, వండేది మాత్రం లక్ష్మీనర్సమ్మ. గంజి వారుస్తుంటే కాలి బొటనవేలి పుండు సలుపుతోంది.

పొద్దున దవాఖానలో డాక్టరు ఆమెను కాటా ఎక్కించాడు. ఎనభై ఏడు కిలోలు. షుగరు మూడు వందలు దాటింది. "ఏం తింటవమ్మా గింతగనం? నోరు కట్టేసుకోకుంటే కాలే తీసేయాల్సొస్తది" అన్నాడు, లైనులో అందరూ వినేటట్టు. వెనకెవరో కిసుక్కుమన్నారు. ఆమె కొంగు పొట్ట మీదికి లాక్కుంది. సిగ్గుతో చచ్చిపోయింది. ఏం తింటుందో చెప్పలేకపోయింది.

చెప్పడానికేముంది? మొగుడు పోయిన పదకొండేళ్లుగా చంద్రమౌళి హోటల్లో పొయ్యి ముందు పీట మీద కూర్చుని వండుతోంది. అందరూ తిన్నాక మిగిలిన అన్నం బేసిన్లో పెట్టి, సగం కూలి అందులోనే చెల్లిందంటాడు చంద్రమౌళి. కూర మిగలదు. పప్పు అసలే మిగలదు. రెండు పూటలా ఆ అన్నమే, మీద ఇంత కారప్పొడి. పారబోస్తే పాపమని పెరిగిన మనిషి, మిగలకుండా తింటుంది. దీన్ని పెట్టి పోషించడమని చెప్పుకునే ఊరికి సిగ్గుండాలి. సిగ్గుపడింది మాత్రం ఆమె.

జనం తిని లేచారు. చంద్రమౌళి మెడలో కండువా సర్దుకుంటూ బేసిన్ నిండా అన్నం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నర్సక్కా, గిది తీస్కపో. ఇయ్యాల కూలి మొత్తం గిదే. ఉద్యమం గదా."

"ఆమెకేంది, నెల రోజులు దీక్షల కూసున్నా తరగదు" అన్నారెవరో. అందరూ నవ్వారు.

ఆమె చెయ్యి అలవాటుగా బేసిన్ అంచు పట్టుకుంది. పట్టుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టి వదిలేసింది.

"నాకొద్దు సేటు. పైసలియ్యి" అని చెయ్యి చాచింది.

"ఏందక్కా, గిట్ల అందరి ముంగట..."

"తిండిపోతుననే గదా అందరు నవ్వుతున్నరు. పదకొండేండ్ల సంది నాతోని తినిపిచ్చింది నువ్వే. గీ అన్నం తింటే నా కాలు పోతదట. జర నా కూలి నాకియ్యి."

నవ్వులు ఆగిపోయాయి. చంద్రమౌళి జనం వైపు చూశాడు. జనం తాము తిన్న విస్తళ్ల వైపు చూశారు. బేసిన్లో అన్నం మీద ఈగలు వాలుతున్నాయి. లక్ష్మీనర్సమ్మకు తలెత్తడం చేతకాలేదు, సిగ్గు ఇంకా పోలేదు. చాచిన చెయ్యి మాత్రం దించలేదు.